చచ్చిన చెల్లెలి మూలుగ

ఆధార్ కార్డు చూపించమని కండక్టర్ రెండోసారి అడిగితే గానీ నాకు వినబడలేదు. కోదాడ బస్టాండ్ దాటుతుంటే ఒక గుంతలో బస్సు ఎగిరి పడింది, ఆ కుదుపుకు నడుములో లేచిన నొప్పి తుంటి ఎముకల్లోకి దిగింది, అక్కడ ఊరుకోక రొమ్ము మధ్య ఎముకలోకి ఎక్కింది, నేను పళ్ళు బిగించి అది ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తున్నాను. కార్డు ఇచ్చాను. ఫొటో వంక, నా ముఖం వంక చూసి, ఎక్కడిదాకా అన్నాడు. హైదరాబాద్ అన్నాను. ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. సున్నా టికెట్‌లో ఉన్న సుఖం ఏమిటంటే మునగాలలో దిగినా, సూర్యాపేటలో దిగినా ఎందుకు దిగావని ఎవరూ అడగరు. నేను దారిలో దిగిపోతే నష్టపోయేది ఒక్క మనిషే. మా పెద్దన్న సుమన్. నేను దిగిపోతే వాడు చచ్చిపోతాడు. కోపంలో అంటున్న మాట కాదు ఇది, నిజంగానే, రెండు మూడు వారాల్లో చచ్చిపోతాడు. దిగాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు. సూర్యాపేట ఇక్కడికి గంట ప్రయాణం. అక్కడి బస్టాండ్‌లో మా మామ దుర్గయ్య, మా ఆయన తండ్రి, బండి పెట్టుకుని నిలబడతానన్నాడు, నన్ను దింపి చివ్వెంల దగ్గర తమ ఊరికి తీసుకుపోవడానికి. తేల్చుకోవడానికి నాకు మిగిలింది ఈ గంటే.

అన్నను వాడు, వీడు అనకూడదని తెలుసు. అంటాను. వాడు ఎందుకు చస్తాడో వాడికన్నా నాకే బాగా తెలుసు, ఎందుకంటే నా బతుకుతెరువే రక్తం. కోదాడలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, తొమ్మిదేళ్ళుగా ఊళ్ళవాళ్ళ రక్తం చూస్తున్నాను. రక్తం పుట్టేది ఎముక మూలుగలో. అక్కడ కణాలు పుట్టి, పెరిగి, పని నేర్చుకుని, ఎర్రవి ఎర్రవిగా, తెల్లవి తెల్లవిగా బయటికి రావాలి. సుమన్ మూలుగలో ఏడాది కింద ఏదో ఒక కణం పని నేర్చుకోవడం మానేసింది. మానేసిన కణం చావదు, ఊరికే ఉండదు, తనలాంటి పనికిమాలినవాటినే లక్షల్లో పుట్టించి మూలుగంతా నింపుతుంది. ఎర్రకణాలకు చోటు లేక మనిషి పాలిపోతాడు. ప్లేట్‌లెట్లకు చోటు లేక పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగదు. కాపాడే తెల్లకణాలు లేక చిన్న జ్వరం కూడా లొంగదు. లుకేమియా అంటే ఇంతే. అందులో తొందరగా ముదిరే రకం వీడిది. మందులతో ఒకసారి అణిచారు, తిరిగి లేచింది. మళ్ళీ అణిచారు. ఈసారి అది లేచేదాకా ఆగకుండా, ఆరు రోజులుగా అద్దాల గదిలో పెట్టి, మంచీ చెడూ అని చూడకుండా వాడి మూలుగ మొత్తాన్ని మందుతో చంపేశారు. ఇప్పుడు వాడి ఒంట్లో కొత్త రక్తం పుట్టే చోటే లేదు. రేపు పొద్దున నా రెండు చేతులకూ సూదులు పెట్టి, నా రక్తాన్ని నాలుగైదు గంటలు మిషన్ గుండా తిప్పి, మూలకణాలు మాత్రం తీసుకుని మిగతాది నాకే ఎక్కిస్తారు. సాయంత్రానికి ఆ సంచి వాడికి. ఆ కణాలు రక్తంలో పడి ఎముకల్లోకి దారి వాటంతట అవే వెతుక్కుంటాయి. వాటికి ఎవరూ దారి చెప్పక్కర్లేదు, కట్టుబాట్లు అసలే తెలియవు.

నవ్య అని ఆ హైదరాబాద్ ఆసుపత్రిలో దాతలతో మాట్లాడే అమ్మాయి ఉంది, ఇవన్నీ నాకు తెలిసినవే అయినా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, ఆయనకు మందు మొదలుపెట్టేముందు దాకా మీరు వద్దనుకోవచ్చు మేడమ్, మొదలయ్యాక కూడా మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు, కానీ మొదలయ్యాక ఆయనకు వెనక్కి దారి ఉండదు, అంది. మూడుసార్లు అడిగింది, ఇష్టంతోనే ఇస్తున్నారా అని. మూడుసార్లూ తలూపాను. తలూపడానికి ఏం పోయింది. మూలకణాలను రక్తంలోకి తెచ్చే సూదులు రోజూ వేయాలి, నగరంలోనే ఉండి వేయించుకోమన్నారు. మావాళ్ళ మధ్య ఒక్క రోజు కూడా ఉండనన్నాను. నేనే వేసుకోగలను, రోజూ నా రక్తకణాల కౌంటు పంపుతాను, చివరి రోజుకు వస్తాను అన్నాను. డాక్టర్ మొహం చిట్లించి చివరికి ఒప్పుకున్నాడు. పక్క సీట్లో కూర్చున్నావిడ నా వాలకం చూసి, నడుం నొప్పా అమ్మాయ్, కాన్పయిన కొత్తలో పథ్యం సరిగ్గా చేయలేదేమో, అని మొదలుపెట్టింది. నాకు పిల్లలు లేరని చెప్తే దాని మీద ఇంకో అరగంట మాట్లాడుతుంది. అవునండీ అన్నాను.

పోయిన వానాకాలం, ఒక మధ్యాహ్నం, డాక్టర్ పంపిన శాంపిళ్ళలో ఒక ట్యూబు మీద సుమన్, ముప్ఫై నాలుగు అని రాసి ఉంది. ఆ పేరు ఊరికి పదిమందికి ఉంటుంది, నేను పట్టించుకోలేదు. మిషన్‌లో పెడితే అంకెలన్నీ అడ్డంగా వచ్చాయి. లక్షన్నర ఉండాల్సిన ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలు. స్లైడు గీసి, రంగు వేసి, ఆరబెట్టి చూశాను. ఎటు జరిపినా అవే, ఊదారంగులో పెద్ద పెద్ద కణాలు, ఒంటినిండా కేంద్రకమే, కొన్నిట్లో సన్నని ఎర్రటి పుల్ల అడ్డం పెట్టినట్టు. ఆ పుల్ల కనబడితే ఏ జబ్బో చెప్పడానికి పెద్ద డాక్టరే అక్కర్లేదు. ఎవరు పాపం అనుకుంటూ కాగితం తిప్పాను. ఊరు రాసి ఉంది. మఠంపల్లి దగ్గర మా తండా. నాన్న చనిపోయిన రోజు తర్వాత మా అన్నను నేను మళ్ళీ చూసింది ఆ మైక్రోస్కోపులోనే. ఏమనిపించిందో చెప్పనా. సంతోషమనిపించింది. ఒక నిమిషం, ఎక్కువ కాదు. గట్టిగా కొలిస్తే నిమిషం కూడా ఉండదు, కానీ ఉంది, నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది. ఆ తర్వాత చేయాల్సిన పని చేశాను. పాథాలజిస్టుకు ఫోన్ చేశాను, ఆయన వచ్చి చూసి సంతకం పెట్టాడు, రిపోర్టు ఆ సాయంత్రమే వెళ్ళింది. ఒక్క గంట కూడా నేను ఆలస్యం చేయలేదు. ఆలస్యం చేసింది వాళ్ళు.

మునగాల వచ్చింది. రోడ్డు వారన ధాన్యం ఆరబోసి ఉంది, ఆ పైన ఎండ. మిర్యాలగూడలో చదువుకునేటప్పుడు కూడా ఇలాగే ఊరంతా ధాన్యం, ఊక, రైస్ మిల్లుల పొగ. శ్రీనాథ్ అక్కడ ఒక మిల్లులో ఎలక్ట్రీషియన్. నాది లంబాడా తండా, వాళ్ళది గొర్లు కాసే ఇల్లు. ఇద్దరం పెద్దవాళ్ళను అడిగాం, ఇద్దరికీ తిట్లే వచ్చాయి, అయినా మిర్యాలగూడలోనే రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాం. వాళ్ళవాళ్ళు మూడు నెలలకు మెత్తబడ్డారు. మావాళ్ళు పదకొండో రోజుకే పని ముగించారు. మఠంపల్లి రోడ్డులో, మా తండా మలుపు దగ్గర, సిమెంటు లారీలు పోయేచోట, పది అడుగుల ఫ్లెక్సీ. కన్నీటి శ్రద్ధాంజలి. కింద నా పేరు. జననం, ఫలానా తేదీ. మరణం అన్నచోట మా పెళ్ళి తేదీ. వేసింది నా ఇంటర్ హాల్ టికెట్ ఫొటో, మొటిమలతో, ఒక కన్ను సగం మూసుకుని ఉన్నది. పెళ్ళి ఫొటో వేయలేరు సరే, డిగ్రీలో దిగిన మంచి ఫొటో ఇంట్లోనే ఉందిగా. సుమన్ దగ్గరుండి కొట్టించాడు, నిచ్చెన ఎక్కి తనే కట్టాడు. తండా అంతటికీ వండి పెట్టారు. పెద్దమనుషులు బిందెలో నీళ్ళు పోయించి, ఇంటిల్లిపాది చేత అందులో చేతులు పెట్టించి, ఇక ఆ పిల్ల పేరు ఎత్తం అని ఒట్టు వేయించారు. నాన్న మోతీలాల్ చేయి పెట్టాడు. యాడి చేయి పెట్టింది. మా భాషలో అమ్మను యాడి అంటాం. ఆ ఫ్లెక్సీ ఏడాది దాకా అక్కడే ఉందట, లారీల దుమ్ము పేరుకుని నా ముఖం తెల్లబడి, అక్షరాలు మాత్రం చదవడానికి వీలుగానే ఉన్నాయట. దారినపోయేవాళ్ళు చదివి, అయ్యో ఎంత చిన్నపిల్ల, అనుకుని ఉంటారు.

అది కూడా మరిచిపోయేదాన్నేమో. ఫ్లెక్సీ అంటే గుడ్డ, ఎప్పుడో చిరుగుతుంది. నాన్న చనిపోయాడని మా తండా ఆటో అతను ఒకడు చాటుగా ఫోన్ చేశాడు. నేను, శ్రీనాథ్, మామ వెళ్ళాం. ఆడపిల్ల ఒంటరిగా కనబడకూడదని మామ తన పనులన్నీ వదులుకుని, భుజాన గొంగడి వేసుకుని, మాతో వచ్చాడు. తండా మొదట్లోనే సుమన్ అడ్డంగా నిలబడ్డాడు. తల గొరిగించుకుని ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వాడి వెనక దూరంగా మా ఇంటి ముందు జనం. ఒక్కసారి ముఖం చూసి పోతానన్నాను. చేతులు జోడించాను, ఈ చేతులే. వాడు నా వంక చూడలేదు. నా వెనక ఉన్న శ్రీనాథ్‌తో అన్నాడు.

"మా చెల్లె సచ్చిపోయింది. గీమె ఎవరో నాకు తెల్వది. తీస్కపో."

మామ ముందుకొచ్చి, బిడ్డ తండ్రిని చూసుకుంటానంటే ఆపడం ఏం న్యాయం బాబూ, అన్నాడు. సుమన్ ఆయన గొంగడి పట్టి లాగి దుమ్ములో పడేశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి వంగి దాన్ని ఎత్తుకుని, దులుపుకుని, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. మేం రోడ్డు మీద చెట్టు కింద సాయంత్రం దాకా కూర్చున్నాం. నేను నాన్న ముఖం చూడలేదు, పొగ చూశాను. ఇప్పుడు చెప్పండి, ఎవడైనా, ఆ చేతుల్లోకి రేపు నేను నా రక్తం ఎందుకు పంపాలో.

ఇక్కడే నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. హైదరాబాద్‌లో మొదటి దఫా మందులయ్యాక, జబ్బు అణిగి ఉన్నప్పుడే మూలుగ మార్చేస్తే మంచిదని డాక్టర్లు చెప్పారట. తోడబుట్టినవాళ్ళది సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి, ఎంతమంది ఉన్నారు అని అడిగారట. చిన్నన్న హరిలాల్ పక్కనే ఉన్నాడు. ఫారంలో సోదరుడు ఒకరు, సోదరి ఒకరు అని రాసి, సోదరి పక్కన చనిపోయింది అని రాశాడు. ఒట్టు ఒట్టే మరి, బిందెలో చేయి పెట్టినవాడు కదా. హరిలాల్ది సగమే సరిపోయింది. బయటివాళ్ళలో వెతికారు, దొరకలేదు. నాలుగు నెలలు అలా గడిచాయి. కోదాడలో ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూర్చుని నేను ఊళ్ళవాళ్ళ రక్తం గీస్తూనే ఉన్నాను, అక్కడ వాళ్ళు లేని దాతను వెతుకుతూనే ఉన్నారు. ఆ నాలుగు నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. వాడి జబ్బు ముదిరింది మందు పనిచేయక కాదు, ఫ్లెక్సీ పనిచేయడం వల్ల. చివరికి నోరు విప్పింది యాడి. ఒకరోజు నవ్య గదిలోకి పోయి, వచ్చీరాని తెలుగులో, సచ్చిపోలేదు మేడమ్, సచ్చిపోయిందనుకున్నం, అందట. పదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇలాంటి జవాబు వినలేదు, అని నవ్య నాతో ఫోన్‌లో అంది. నేను విన్నాను అన్నాను.

యాడి మా ఇంటికి వచ్చిన రోజు గడప బయటే నిలబడింది. ఐదేళ్ళ తర్వాత చూస్తున్నాను. జుట్టు తెల్లబడింది, చేతులకు గాజులు తక్కువయ్యాయి, భుజం ఒక వైపు వంగింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. నీళ్ళిచ్చాను, గ్లాసు పట్టుకుని కింద పెట్టింది. మూలుగ అడగడానికి వచ్చింది గానీ, నా ఇంటి నీళ్ళు తాగడానికి కట్టుబాటు ఒప్పుకోలేదు. నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. ఏమేం అన్నానో గుర్తులేదు, పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. ఆవిడ అంతా విని, కొడుకు కౌంటు ఎంతో, ఎన్ని సీసాల రక్తం ఎక్కించారో, ఎన్నిసార్లు జ్వరమొచ్చిందో చెప్తూ పోయింది, తేదీలతో సహా. నేను ఒక్కటే షరతు పెట్టాను. పరీక్షకు వస్తా, సరిపోతే సూదులు వేసుకుంటా. కానీ వాణ్ణి నాకు ఫోన్ చెయ్యమను. నువ్వు బతికే ఉన్నవు అని వాని నోటితో ఒక్కసారి అనమను. సరే అంది. దవడ లోపల దూదిపుల్లతో రాసి తీసిన పరీక్షలో నాది, వాడిది పదికి పది కలిశాయి. నా నోట్లోనే వాడికి జవాబు ఉందని ఆ కాగితం చూసినప్పుడు అనుకున్నాను, అనుకుని ఒళ్ళు మండింది.

వాడు ఫోన్ చేయలేదు. పొట్ట మీద చర్మం పట్టుకుని మొదటి రోజు రెండు సూదులు వేసుకున్నాను, ఇవాళ చేస్తాడు అనుకుంటూ. రెండో రోజు వేసుకున్నాను. మూడో రోజుకు ఎముకలు లోపలి నుంచి ఉబ్బుతున్నట్టు నొప్పి. ఆ మందు చేసే పని అదే, మూలుగను తరిమి తరిమి పని చేయించి, లేత కణాలను రక్తంలోకి తోలడం. నిన్న నా తెల్లకణాల కౌంటు నలభై ఆరు వేలు, మామూలుగా పదకొండు వేలు దాటదు. నా స్లైడు నేనే గీసి చూసుకున్నాను, పచ్చి కణాలు గుంపులు గుంపులుగా. తెలియనివాళ్ళు చూస్తే జబ్బు నాకే అంటారు. పారాసెటమాల్ వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంటే, శ్రీనాథ్ వేడినీళ్ళ సంచి తెచ్చి నడుముకు పెట్టి, పోవాలా వద్దా అని నేనడిగితే, నీ ఇష్టం అన్నాడు. నీ ఇష్టం అన్నంత పిరికిమాట ఇంకోటి లేదు. పొమ్మంటే అతనితో పోట్లాడేదాన్ని, వద్దంటే పోట్లాడేదాన్ని. నీ ఇష్టం అన్నవాడితో ఏం పోట్లాడతాం. మామ అలా కాదు, పొద్దున్నే ఫోన్ చేసి, సూర్యాపేటల దిగు బిడ్డా, నేనుంటా, అన్నాడు. ఆయన ఒక్కడే ఈ మొత్తంలో తిన్నగా మాట్లాడినవాడు.

దురాజ్‌పల్లి గట్టు కనబడింది. అంటే ఇంకో పది నిమిషాలు. నా ఫోన్ ఒళ్ళో ఉంది, మోగలేదు. ఆ డాక్టర్‌ను నేనొక ప్రశ్న అడిగాను, పరీక్షల రోజు. నాకు మా అన్న అంటే పడదు సార్, ఏమైనా తేడా వస్తుందా అని. వెటకారానికే అడిగాను. ఆయన నవ్వలేదు. మీ కణాలకు కూడా ఆయన పడకపోవచ్చమ్మా, అన్నాడు. కొత్త ఒంట్లోకి పోయాక అవి చుట్టూ చూసి, ఇది మన ఇల్లు కాదని పసిగడతాయట. చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద పడతాయట. మరీ రెచ్చిపోతే మనిషి దక్కడు, అందుకని వాటిని అణచడానికి నెలల తరబడి మందులిస్తారట. మరి పూర్తిగా అణిచేయొచ్చుగా అన్నాను. అణచకూడదు, అన్నాడు. ఎంత చంపినా వాడి జబ్బు కణాలు ఎక్కడో కొన్ని దాక్కుని ఉంటాయి, మందుకు దొరకనివి. వాటిని వెతికి చంపేది ఈ పగే. అచ్చుగుద్దినట్టుండే కవలల దగ్గర తీసుకుంటే ఏ గొడవా ఉండదు, కానీ జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. మాకు కొంచెం పడకపోవడమే కావాలమ్మా, అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు పట్టలేదు. ఇప్పుడు ఈ బస్సులో, పక్కావిడ పుచ్చకాయ ముక్కలు తింటూ నాకొకటి ఇవ్వబోతుంటే, అదే మాట మీద ఆగిపోయాను. ఐదేళ్ళుగా నేను పెంచుకున్నది ఎందుకూ పనికిరాని చెత్త అని అందరూ చెప్పారు. మరిచిపో, కడుపులో పెట్టుకోకు, నీ ఒంటికే మంచిది కాదు. మరిచిపోతే వాడికే మంచిది కాదట. కొంత ఉండాలట. పైగా వాడిది ఓ గ్రూపు, నాది బీ. అంతా కుదిరితే వాడి గ్రూపు కూడా బీ అవుతుంది. వాడి రక్తం తీసి పరీక్షకు పెడితే, ఇది ఆడమనిషి రక్తం అని వస్తుంది, చచ్చేదాకా.

సూర్యాపేట బస్టాండ్‌లో బస్సు ఆగింది. పది నిమిషాలు ఆగుతుందని కండక్టర్ అరిచాడు. కిటికీలోంచి మామ కనబడ్డాడు, ఎర్ర తువ్వాల తలకు చుట్టుకుని, ప్రతి కిటికీలోకీ చూసుకుంటూ వస్తున్నాడు. బ్యాగు తీసుకుని దిగాను. మెట్టు మెట్టుకూ నొప్పి. ఆయన బ్యాగు నా చేతిలోంచి తీసుకుని, నేల చూస్తూ అన్నాడు.

"బండి గాడ పెట్టిన. ఇంటికి పోదాం. మీ అత్త నీకోసం కోడి కోసింది. వాళ్లు నిన్ను సంపి దినం జేసిన్రు బిడ్డా, మనం జేయలే. నువ్వు ఇయ్యకపోతే తప్పు నీది గాదు. సచ్చినోళ్లను ఎవరన్న అడుగుతరా?"

ఆయన మాటలో తప్పేమీ నాకు కనబడలేదు. మైసమ్మ అత్త వండిన కూర, వేపచెట్టు కింద మంచం, మందలో గొర్రెపిల్లల అరుపులు. నడుము వాల్చవచ్చు. రేపు ఈపాటికి ఫోన్ ఆపేసి పడుకోవచ్చు. ఇంకో పదిహేను రోజులకు ఎవరో చెప్తారు, అయిపోయిందని. ఒక ఫ్లెక్సీ కడతారు, దాని మీద ఉన్నదంతా నిజమే అయి ఉంటుంది. నేను బండి వైపు నాలుగడుగులు వేశాను. నాలుగే, లెక్కపెట్టాను. అక్కడే ఆగాను. నేను పోకపోతే గెలిచేది నేను కాదు. చెల్లెలు లేదని వాడు అన్నాడు, చెల్లెలు లేకనే పోతాడు. ఐదేళ్ళ కింద నిచ్చెన ఎక్కి వాడు కట్టిన మాట, నేనే వెళ్ళి నిజం చేసి వచ్చినట్టు. మామ వెనక్కి తిరిగి చూశాడు, ఏమైంది బిడ్డా అన్నట్టు.

"నేను పోకపోతే వాడన్నదే నిజమైతది మామా," అన్నాను. "వాని మాట నెగ్గనియ్య. ఆ బ్యాగు ఇటియ్యి."

ఆయనకు నచ్చలేదు. బ్యాగు ఇవ్వలేదు కూడా, తనే పట్టుకుని నా వెనకే బస్సెక్కి, సీటు మీద పెట్టి, తలకున్న తువ్వాల విప్పి నాలుగు మడతలు వేసి నా నడుము వెనక ఉంచాడు. దిగేటప్పుడు, వాడు బతికినంక ఒకపారి నేను పోయి కలుస్త, గొంగడి ముచ్చట తేల్చుకునేది నాకు గూడ ఉన్నది, అన్నాడు. నవ్వుతూ అనలేదు.

బస్సు హైవే ఎక్కాక ఫోన్ మోగింది. నవ్య. ఎక్కడిదాకా వచ్చారు మేడమ్, సాయంత్రం కౌంటుకు అందుకుంటారా, అని అడిగి, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, మీ అన్నగారు మూడు రోజులుగా మీ నంబర్ తీసి పట్టుకుని కూర్చుంటున్నారు, నర్సులు చెప్పారు, అంది. మందుకు నోరంతా పుండ్లు పడ్డాయి, ఉమ్మి మింగడం కూడా కావట్లేదు, మాట రాదు, అని కూడా చెప్పింది. నాకు తెలుసు. ఆ మందు వేస్తే నోరు పుండు కాకుండా ఉండేవాళ్ళు తక్కువని నాకు తెలుసు, వాళ్ళిచ్చిన కాగితంలో కూడా రాసి ఉంది, నేను రెండుసార్లు చదివాను. తెలిసీ, మూడు రోజులుగా ఫోన్ ముందు పెట్టుకుని, పొగరు చూడు అని వాణ్ణి తిట్టుకున్నాను. కోపం తగ్గలేదు. ఏడుపు వచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు. ఆ గదిలో నర్సుకు కలపమన్నాను. కలిపింది. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టండి, ఆయనేం మాట్లాడక్కర్లేదు, అన్నాను. కాసేపటికి మిషన్ చప్పుడు వినబడింది, దాని వెనక గరగరమనే ఊపిరి. భియా, అన్నాను. అన్నను అలా పిలిచి ఐదేళ్ళయింది, ఆ మాట నా నోటికే కొత్తగా తగిలింది. ఇక మొదలుపెట్టాను. మా భాషలో, ఒక్కటీ వదలకుండా. హాల్ టికెట్ ఫొటో దగ్గర మొదలుపెట్టాను, నిచ్చెన దగ్గరికి వచ్చాను, బిందెలో చేతులు, ఎవరెవరు ఏ వరసలో పెట్టారో నేను ఊహించుకున్నదంతా, చనిపోయింది అని రాసిన హరిలాల్ చేతిరాత, పోగొట్టుకున్న నాలుగు నెలలు, నీళ్ళు తాగకుండా పోయిన యాడి. నా గొంతు పెరిగింది. పక్కావిడ పుచ్చకాయ ఆపి చూస్తోంది, ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. కేతేపల్లి దాటుతుండగా ఆ వైపు నుంచి నర్సు గొంతు వినబడింది. మేడమ్, ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఫోన్ తీసేయనా, అని అడిగింది.

"వద్దు, చెవి దగ్గర్నే ఉంచండి," అన్నాను. "హైదరాబాద్ ఇంకా రెండున్నర గంటలుంది."